జోగమ్మ తెచ్చిన చీర

జోగమ్మ కాఫీ ముట్టుకోలేదు.

గ్లాసు ఆమె ముందు గచ్చు మీద అలాగే ఉంది. పైన మీగడ తెట్టు కట్టింది. తాగమ్మా అని గౌరీశ్వరి ఒక్కసారే అంది, మళ్ళీ అనలేదు. చావింటికని బయల్దేరి వచ్చిన మనిషి ఆ ఇంట్లో మంచినీళ్ళయినా ముట్టదు. చచ్చిపోయిందనుకున్న కూతురే మెడలో కొలతల టేపు వేసుకుని ఎదురొచ్చి తలుపు తీసినా సరే, భీమిలిలో బస్సెక్కినప్పుడు ఎక్కింది చావుకే కదా.

సందు మొదట్లో ఎత్తుకున్న శోకాన్ని ముసలమ్మ గుమ్మం దాకా దించకుండా తెచ్చింది. గాజువాకలో ఆ సందు ఆడవాళ్ళంతా కుళాయి దగ్గర బిందెలు వదిలేసి ఆమె వెనకే వచ్చారు. గుమ్మంలో కూలబడి తలెత్తేసరికి, ఎవరి కోసం ఏడుస్తోందో ఆ మనిషి నిక్షేపంలా ఎదురుగా నిలబడి ఉంది. ఆ తరవాత ఏడవాలో నవ్వాలో ఎవరికీ పాలుపోలేదు. కొందరు నవ్వేశారు కూడా. జోగమ్మ మాత్రం కూతుర్ని దగ్గరికి తీసుకోలేదు, ముఖం నిమరలేదు. గోడవార చాప మీద కూర్చుని, తెచ్చిన మూట ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ బోర్లించింది.

గౌరీశ్వరి మరిది సాయిశంకర్ కుట్టుమిషను పక్కన నేల మీద కూర్చున్నాడు. లేచి బయటికి పోదామంటే గుమ్మం అవతల సందంతా ఉంది. లోపలికి పోదామంటే వంటింటి గుమ్మంలో వదిన ఉంది. ఎటు పోవడానికీ ముఖం చెల్లక అలా ఉండిపోయాడు.

చేసిందంతా తనే మరి.

"హార్బర్ స్టేషన్" అని ఆదివారం ఆదివారం టీవీలో వచ్చే పోలీసు సీరియల్లో సాయి ఆర్ట్ సెక్షన్లో పనిచేస్తాడు. వారానికో నేరం, ఆఖర్న ఇన్‌స్పెక్టరుగారు దాన్ని తేల్చి పారెయ్యడం. సీనుకి కావలసిన కుర్చీ, కత్తి, పాలగిన్నె, రక్తం, అన్నీ సర్దేది సాయే. కానిస్టేబుళ్ళ ఖాకీ బట్టలు కుట్టింది వదిన. పోలీసులేమన్నా చుట్టాలా అని సందులో అడిగితే, మా మరిది సీరియలు అని చెప్పి మురిసిపోయింది.

ఈ ఆదివారం కథలో చచ్చిపోయిన ఆడమనిషి ఫోటో ఒకటి కావలసి వచ్చింది. ఒక్క ఫోటో కోసం నటిని పిలిపించడం ఎందుకు, ఎవరిదో ఒకటి పెట్టెయ్, గోడ మీద ఎంతసేపు కనబడుతుంది గనక, అన్నారు పైవాళ్ళు. సాయి ఇంటి గోడ మీది వదిన ఫోటో పట్టుకెళ్ళాడు. సింహాచలంలో ఎవరి పెళ్ళిలోనో తీసిన ఫోటో అది. వదిన పళ్ళు కనబడేలా నవ్విన ఫోటో అదొక్కటే.

తీరా చూస్తే ఇన్‌స్పెక్టరు ఆ ఫోటో ముందే నిలబడి కేసంతా విప్పాడు. లాఠీ ఫోటోకి ఆనించి, ఈవిడ లారీ డ్రైవరుతో లేచిపోయింది, మొగుడు వెతికి పట్టుకుని గొంతు నులిమాడు, అన్నాడు. నిన్న రాత్రి ఆ మాట గౌరీశ్వరి తన ఇంట్లో, తను పిలిచి చాపలు పరిచి కూర్చోబెట్టిన ఇరుగుపొరుగు మధ్య కూర్చుని విన్నది. ఒక్కొక్కరే లేచి వెళ్ళారు. అన్న శ్రీరామ్మూర్తి కేరేజీ పట్టుకుని స్టీల్ ప్లాంటుకి నైట్ డ్యూటీకి పోయాడు. వదిన ఫోను ఆపేసి గోడ వైపు తిరిగి పడుకుంది.

"అది సీరియలే అమ్మా," అంది గౌరీశ్వరి ఇప్పుడు. "కథ. ఉత్తుత్తిది."

"సీరియలని నాకు తెల్దేటే?" జోగమ్మ గొంతు ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది. "ఈ వారం సచ్చినోడు వచ్చేవారం ఇంకో ఏసంలో వస్తాడు, సూత్తన్నాను కదా. మనుసులు యాక్షన్ సేత్తారు. ఫోటో యాక్షన్ సేత్తాదేటి? బతికున్న మనిసి ఫోటోకి ఎవులన్నా దండేత్తారేటి?"

జోగమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"నిజింగా పోయినోళ్ళ కథలే తీత్తారంట, మా ఈదిలో అన్నారు. అప్పుడు నీకు ఫోను సేసినాను. పలకనేదు."

"ఆపేసినాను. సీరియలు అయిన కాణ్ణించి అందరూ సేసి అడుగుతంటే ఏటి సెప్పను?"

"అల్లుడుబాబుకి నాను సెయ్యను."

చెయ్యదు, నిజమే. పెళ్ళయి ఇన్నేళ్ళయినా జోగమ్మ అల్లుడితో ఎదురుపడి మాట్లాడింది లేదు. అల్లుడు గదిలోకి వస్తే ఆమె కొంగు నెత్తి మీదకి పోతుంది, ముఖం గోడ వైపు తిరుగుతుంది. చెప్పవలసింది గోడకి చెబుతుంది, అల్లుడు వింటాడు. అలాంటి మనిషి అల్లుడికి ఫోనేం చేస్తుంది.

"ఇంక సాయిబాబుకి సేసినాను," అంది.

సాయి చెయ్యి జేబులో ఫోను మీదకి పోయింది.

రాత్రంతా డాబా మీద అతని పక్కన ఆ ఫోను వెలుగుతూ ఆరుతూనే ఉంది. 'భీమిలి అత్త' అని పేరు పడుతూనే ఉంది. నా కూతురి ఫోటోకి దండేస్తావురా అని తిడుతుందనుకున్నాడు. తిట్లు పడే ధైర్యం లేక ఎత్తలేదు. కూతురు బతికుందా అని అడగడానికి చేస్తోందన్న ఊహే అతనికి రాలేదు. ఒక్కసారి ఎత్తి, వదిన బాగానే ఉందత్తా అని ఉంటే ముసలమ్మ నిద్రపోయేది. ఈ మూట భీమిలిలోనే ఉండేది. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

జోగమ్మ అతని కేసి చూసింది. ఆ చూపులో కోపం లేకపోవడం ఇంకా కష్టంగా ఉంది.

"నీ ఫోను పాడయినాదేటి బాబూ?"

దారి ఆవిడే చూపించింది. సాయి సిగ్గు లేకుండా ఆ దారే పట్టాడు.

"అవునత్తా. రాత్తిర్నుంచి సార్జింగ్ ఎక్కట్లేదు."

గౌరీశ్వరి అతని వైపు తిరిగింది. తిరిగి, మెడలో టేపు తీసి చుట్టడం మొదలుపెట్టింది.

"అదీ," అంది జోగమ్మ తలూపుతూ. "ఇద్దరి ఫోన్లూ ఒక్కసారే పలక్కపోతే నాను మరేటనుకుంతాను? తొలి బస్సు ఎక్కీసినాను. నా ఎనకాల మీ బాబాయి వోళ్ళు ఆటో మాటాడుకుంతన్నారు. వొద్దని సెప్పండి ఎవులన్నా."

"సెప్పీసినానమ్మా," అంది గౌరీశ్వరి. "ఆ మూటలో ఏటి?" అని అడిగింది.

తెలిసే అడిగింది. సాయికీ తెలుసు. ముత్తయిదువుగా పోయిన ఆడపిల్లకి పుట్టింటి నుంచి చీర, పసుపు, కుంకం రావాలి. వేరే ఏ చీర ఉన్నా లేకపోయినా ఆ చీర కట్టే సాగనంపుతారు. అది తేవడానికి తల్లి ఉంటే తల్లే తెస్తుంది.

"అమ్మోరి పండక్కి నీకు పెడదామని కొని పెట్టిలో ఉంచినాను," అంది జోగమ్మ. "పొద్దున్నే కొట్లు తియ్యరు కదా. అదే అట్టుకొచ్చినాను." మూటని ఒళ్ళోకి ఇంకా దగ్గరగా లాక్కుంది. "ఇప్పుడిది నువ్వు కట్టకూడదు. ఎనక్కి పెట్టిలో పెట్టకూడదు. పోతూ పోతూ సముద్రంలో ఒదిలీసి పోతాను."

అప్పుడు సాయి జేబులో పోలీసు సైరను మోగింది.

"హార్బర్ స్టేషన్" టైటిల్ సంగీతం అది. సరదాపడి అతనే ఫోనుకి పెట్టుకున్నాడు. ముందు సైరను, తరవాత పరుగెత్తే బూట్ల చప్పుడు, తరవాత డప్పులు. పాడైపోయిన ఫోను మొత్తం సంగీతాన్ని చక్కగా, గట్టిగా వినిపించింది. సాయి జేబు మీద చెయ్యి పెట్టి నొక్కాడు. ఆగింది. మళ్ళీ సైరను మొదలైంది.

"ఎత్తు," అంది వదిన.

ఎత్తాడు. ప్రొడక్షన్ మేనేజరు గుణశేఖర్. సముద్రం పక్కన నిలబడి అరవడం అలవాటైన గొంతు, అవతల కిటికీ దగ్గరున్నవాళ్ళకి కూడా వినిపించింది.

"ఎక్కడున్నావు సాయీ? రుషికొండ ఇంట్లోనే మళ్ళీ షూటింగు, మర్చిపోయావా? ఆ ఫోటో సీను జనానికి బాగా పట్టింది. రెండో భాగం తీస్తున్నాం. నువ్వు పెట్టిన బొట్టు లైట్ల వేడికి కారిపోయింది, వచ్చి మళ్ళీ పెట్టు. దండ కూడా ఈసారి కొంచెం పెద్దది వెయ్యవయ్యా, సరిగా కనబళ్ళేదు."

సాయి ఏమన్నాడో అతనికే తెలియదు. ఫోను ఆపాడు.

జోగమ్మ తల దించుకుంది. అబద్ధమాడిన వాడి కంటే ఆ అబద్ధం చేతికందించిన మనిషి ఎక్కువ సిగ్గుపడింది.

"ఫోను బాగానే ఉన్నాది," అంది వదిన నెమ్మదిగా. "మా అమ్మ రాత్రంతా సేసింది. నువ్వు సూత్తానే ఉన్నావు."

"వదినా..."

"ఫోటో ఇంకా ఆ గోడకే ఉందా?"

"ఉంది."

"దండతోటేనా?"

సాయి తలాడించాడు.

"దండ ఎవులేసినారు?"

ఎవరో అసిస్టెంటు అనొచ్చు. అబద్ధాలకి ఇంక ఈ ఇంట్లో చోటు లేదనిపించింది. "నానే."

"బొట్టు?"

"నానే వదినా."

పెట్టినప్పటి సంగతి అతనికి గుర్తొచ్చింది. కుంకం తడిపి, బొటనవేలు అద్ది, వదిన కనుబొమల మధ్య సరిగ్గా చూసుకుని మరీ పెట్టాడు. గుండ్రంగా వచ్చిందని డైరెక్టరు మెచ్చుకుంటే పొంగిపోయాడు. తనకి అయిదేళ్ళప్పుడు తల్లి పోతే, ఆ ఏడే ఈ ఇంటికి కోడలిగా వచ్చి తనకి అన్నం కలిపి పెట్టిన మనిషి. పరీక్షలకి వెళ్ళే పొద్దుల్లో తన నుదుట బొట్టు పెట్టి పంపిన మనిషి. ఆమె ఫోటోకి చావు బొట్టు పెట్టి పొంగిపోయాడు.

"నా కూతుర్ని నాను తీసుకుపోతాను," అంది జోగమ్మ. ఈసారి గొంతులో బొంగురు లేదు. "సచ్చిన మనిసి కోసం వచ్చినాను. ఈ ఇంటికి అది సచ్చిందనే అనుకోండి. బతికున్న మనిసిని నా ఇంటికి అట్టుకుపోతాను. మిషను కూడా అక్కడే కుట్టుకుంతాది."

"అత్తా, అలగనకు," అన్నాడు సాయి. "వదిన ఎల్లిపోతే ఈ ఇల్లేటయిపోతాది?"

"అది దండేసినప్పుడు ఆలోసించాల బాబూ."

గుమ్మం దగ్గర జనం పక్కకి తప్పుకున్నారు. నైట్ డ్యూటీ దిగి శ్రీరామ్మూర్తి వచ్చాడు, చేతిలో ఖాళీ కేరేజీ. జోగమ్మ కొంగు నెత్తి మీదకి లాక్కుని గోడ వైపు తిరిగిపోయింది. అతను భార్యని చూశాడు, అత్త వీపు చూశాడు, మూట చూశాడు. సంగతి అర్థమైంది.

అతని వెనకే వరహాలు వచ్చాడు. ఆ సందులోనే ఆఖరి ఇల్లు, అదే ప్లాంటు, అదే షిఫ్టు. మంచివాడే, అయితే నోట్లో నువ్వుగింజ నానదు.

"ఏటి బావా, ఈ జనమేటి?" అంటూ లోపలికి తొంగి గౌరీశ్వరిని చూశాడు. "అప్పా, నువ్వు బాగున్నావు కదా? సందులో ఎవులో ఏటో అన్నారని పరిగెత్తుకొచ్చినాను. ఆ టీవీలో ఫోటో సూసేనా ఈళ్ళంతా? సెప్పీ బావా ఈళ్ళకి కూడా. రాత్రి డ్యూటీ బస్సులో మనోళ్ళకి సెప్పినావు కదా, ఆవిడ మా ఆవిడ కాదు, ఎవులో పోలికున్నాదని. అందరూ నమ్మీసినారు."

గౌరీశ్వరి తల తిప్పి మొగుణ్ణి చూసింది.

వరహాలుకి తను ఏదో తప్పు మాటన్నట్టు తెలిసింది, ఏ మాటో తెలియలేదు. "ఎల్తాను బావా," అని గొణిగి వెనక్కి తగ్గాడు.

శ్రీరామ్మూర్తి కేరేజీ కింద పెట్టాడు. పెట్టి, మళ్ళీ తీసి, బల్ల మీద పెట్టాడు.

"ఆ మాటన్నారేటి?" అంది గౌరీశ్వరి.

"లారీ డ్రైవరని బస్సంతా నవ్వుతన్నారు గౌరీ." అతను భార్య వైపు చూడకుండానే అన్నాడు. "పదిమంది నవ్వుతంటే ఏటనమంటావు?"

"మా ఆవిడ అనమంటాను."

"అంటే ఇంకా నవ్వుతారు."

"నవ్వనీండి. మీరొక్కరు కాదనకుండా ఉంటే సాలును నాకు." ఆమె గొంతు పెద్దది కాలేదు. "సాయి నాకు దండేసినాడు. ఎర్రితనంతో ఏసినాడు, టీవీ కోసమేసినాడు. మీరు దండ కూడా ఎయ్యనేదు. అసలు నానే లేనన్నారు."

శ్రీరామ్మూర్తి నీళ్ళు నమిలాడు. సాయి అన్నని అలా ఎన్నడూ చూడలేదు. రోడ్డు మీద ఎవడన్నా తేడాగా మాట్లాడితే చొక్కా పట్టుకునే అన్న, బస్సు నిండా మనుషులు నవ్వితే పెళ్ళాన్ని పెళ్ళాం కాదన్నాడు. దానికి మూలం తను పట్టుకెళ్ళిన ఫోటో. సాయికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"ఇనుకున్నావా," అంది జోగమ్మ, గోడతో. "నా కూతురు ఎవులిదీ కాదంట. ఇంక నన్నాపీవోళ్ళు లేరు."

"అత్తగారూ, అలగ కాదు..." అన్నాడు శ్రీరామ్మూర్తి.

గోడ జవాబు చెప్పలేదు.

గౌరీశ్వరి వచ్చి తల్లి ముందు కూర్చుంది. మూట మీద నుంచి ఆ రెండు చేతులూ ఎత్తి పక్కన పెట్టింది. మూట తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

"ఒలే, ఏటి సేత్తన్నావు?" జోగమ్మ లేవబోయి, అల్లుడున్నాడని గుర్తొచ్చి, కొంగు సవరించుకుని మళ్ళీ కూలబడింది. "సాయిబాబూ, తలుపు తీయించు. అది కట్టకూడదు. బతికున్నోళ్ళు కట్టకూడదు."

సాయి తలుపు కొట్టాడు. వదినా అన్నాడు. లోపల చీర మడతలు విప్పిన చప్పుడు తప్ప ఏమీ లేదు.

తలుపు తీసేసరికి ఆమె చీర కట్టుకుని ఉంది. ఆకుపచ్చ చీర, మెరూన్ అంచు. చావుకని తెచ్చింది కాబట్టి నాలుగు మూలలా పసుపు అద్ది ఉంది, ఆ మరకలు తడారినా కనబడుతున్నాయి. కిటికీ అవతల ఒకావిడ ఒలమ్మా అంది. ఎవరూ నవ్వలేదు.

"ఇప్పెయ్యే తల్లీ," అంది జోగమ్మ ఏడుస్తూ.

"నా కోసం తెచ్చినావు. కట్టుకున్నాను," అంది గౌరీశ్వరి. "నీతో వస్తాను, పద. భీమిలి బస్సు రుషికొండ మీదుగానే ఎల్తాది. నాను రుషికొండలో దిగుతాను. నా ఫోటోకి దండేసిన సెయ్యే ఆ దండ తియ్యాల. అక్కడ షూటింగోళ్ళందరి ముందర ఈయన, ఇది నా పెళ్ళామని ఒక్క మాటనాల. అంటే ఆ ఫోటో అట్టుకుని ఈ ఇంటికొస్తాను. లేకపోతే మళ్ళీ బస్సెక్కి మా అమ్మింటికి పోతాను."

ఆమె చెప్పులు వేసుకుంది. జోగమ్మ లేచింది. తాగని కాఫీ చాప పక్కన అలాగే ఉండిపోయింది.

శ్రీరామ్మూర్తి డ్యూటీ బట్టలు మార్చకుండానే వెనక బయల్దేరాడు. సందు దాటేదాకా తల ఎత్తలేదు. సాయి అందరి కంటే వెనక నడిచాడు.

ఊళ్ళోకొచ్చి ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర భీమిలి బస్సెక్కారు. ఆడవాళ్ళిద్దరికీ ముందు సీటు దొరికింది. శ్రీరామ్మూర్తి వాళ్ళ పక్కనే కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు, సాయి అతని వెనక. సముద్రం కుడి పక్కన కనబడటం మొదలయ్యాక అన్న ఒకసారి గొంతు సవరించుకున్నాడు. ఏదో అంటాడని సాయి ఆశపడ్డాడు. వదిన కూడా ఆశపడిందేమో, కొంగు వేలికి చుట్టుకోవడం ఆపింది. అన్న ఏమీ అనలేదు. అలవాటు లేని మాటని లోపల్లోపల సాధన చేస్తున్నాడని సాయి సరిపెట్టుకున్నాడు.

కండక్టరు ఆడమనిషి. రద్దీలోంచి మెల్లగా ముందుకొచ్చింది.

"కార్డు చూపించమ్మా. ఆడోళ్ళకి టికెట్టుకి డబ్బుల్లేవు గానీ కార్డు చూపించాలి."

గౌరీశ్వరి ఆధార్ కార్డు ఇచ్చింది. కండక్టరు కార్డు చూసి, మొహం చూసి, పసుపు మరకల చీర చూసి, మళ్ళీ మొహం చూసింది.

"నిన్న రాత్రి సీరియల్లో మీ ఫోటో కదమ్మా? లారీ డ్రైవరుతో ఎల్లిపోయి..." సగంలో ఆగింది. ముందు సీట్లలో నలుగురైదుగురు తలలు తిప్పారు. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు.

తను అనకూడని మాట అన్నట్టు కండక్టరుకి తోచింది. పాపం ఆ మాట కప్పిపుచ్చడానికే శ్రీరామ్మూర్తి వైపు తిరిగింది. "మీకెక్కడికి బాబూ?"

"రుషికొండ. రెండు."

"ఈవిడ మీ తాలూకు మనిషేనా?"

అన్న కండక్టరు వైపు తిరిగాడు. నోరు తెరిచాడు. సాయికి వెనక నుంచి అతని చెంప కనబడుతోంది. షూటింగువాళ్ళందరి ముందు అనవలసిన మాట ఒక కండక్టరు ముందు, ఇంకొంచెం తేలిగ్గా, అనే వీలు దానంతట అదే వచ్చింది. అను అన్నా అని సాయి లోపల్లోపల బతిమాలాడు. వెనకాల ఇంకో నవ్వు వినబడింది. అన్న చెంప కదిలింది. అతను తల తిప్పి కిటికీలోంచి సముద్రం కేసి చూశాడు.

"మా వదినండి," అన్నాడు సాయి. బస్సంతా వినబడేలా అన్నాడు. "మా అన్న భార్య. ఆ ఫోటో నేనే పెట్టాను. ఆవిడకేం సంబంధం లేదు."

గౌరీశ్వరి వెనక్కి తిరిగి చూడలేదు. ఆ ప్రశ్న వేసింది సాయిని కాదు.

"సరేనమ్మా," అంది కండక్టరు మెత్తగా. "మీకూ రుషికొండే కదా?"

"కాదమ్మా," అంది గౌరీశ్వరి. "ఇద్దరాడోళ్ళం. భీమిలికి కొట్టు."

టికెట్టు మిషను గరగరమని కాయితాలు వదిలింది. జోగమ్మ కూతురి చేతి మీద చెయ్యి వేసింది. పొద్దున్నించి ఆమె కూతుర్ని తాకడం అదే మొదలు.

రుషికొండ వచ్చింది. దిగేవాళ్ళు దిగుతున్నారు. వదిన సీట్లోంచి కదల్లేదు.

"వదినా, దిగు," అన్నాడు సాయి. "దండ నేను తీస్తాను. నువ్వన్నట్టే నా సేత్తోనే తీస్తాను. దిగు వదినా."

"ఎల్లి తియ్యి బాబూ," అంది ఆమె. కోపంగా అనలేదు. పరీక్షకి పంపేటప్పుడు ఎలా అనేదో అలాగే అంది.

"అన్నా, నువ్వన్నా సెప్పు."

శ్రీరామ్మూర్తి రుషికొండ టికెట్టు వేళ్ళ మధ్య పట్టుకుని నిలబడి ఉన్నాడు. దిగలేదు. వదిన పక్క సీటు ఖాళీ అయింది, అందులో కూర్చోనూ లేదు.

కండక్టరు విజిల్ వేసింది. సాయి ఒక్కడే దిగాడు.

బస్సు భీమిలి వైపు కదిలిపోయింది. అద్దంలోంచి ఆకుపచ్చ చీర కొంచెం దూరం కనబడి మాయమైంది. కొండ మీద షూటింగు ఇల్లు ఎదురుగానే ఉంది. జేబులో సైరను మళ్ళీ మోగుతోంది. వెళ్ళి దండ తీస్తాడు, బొట్టు తుడుస్తాడు, ఉద్యోగం పోతే పోతుంది. ఫోటో చంకలో పెట్టుకుని బయటికొచ్చాక, దాన్ని ఏ ఇంటికి పట్టుకెళ్ళాలో మాత్రం సాయికి తెలియలేదు.